ఎన్ని బతికాయి?

రొయ్య పిల్లల హేచరీలో రోజుకి పదిసార్లు వినిపించే మాట "సర్వైవల్". మేనేజరు దగ్గర్నుంచి, రాత్రిళ్ళు బ్లోయరు దగ్గర కాపలా ఉండే కుర్రాడి దాకా అందరి నోటా ఇదే. "నాలుగో ట్యాంకు సర్వైవల్ ఎంత?" "ఈసారి సర్వైవల్ పడిపోయింది." తెలుగులో బతకడం అనే మంచి మాట ఉంది. అయినా ఎవరూ వాడరు. ఎందుకు వాడరా అని చాలాకాలం ఆలోచించాను. బతకడం అంటే బతికే ప్రాణి ఒకటి గుర్తొస్తుంది. సర్వైవల్ అంటే ఒక అంకె, పక్కన శాతం గుర్తు. అంతే.

1990ల మొదట్లో జువాలజీలో ఎమ్మెస్సీ అయ్యాక కాకినాడకి ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక హేచరీలో టెక్నీషియన్‌గా చేరాను. పన్నెండేళ్ళు అక్కడే. తర్వాత చెరువుల రైతులకి సలహాలు చెప్పే పనిలోకి మారాను. మొదటి ఉద్యోగంలో పిల్ల గేటు దాటేదాకా లెక్క. రెండోదాంట్లో గేటు దాటాక మొదలయ్యే లెక్క. ఈ రెండు లెక్కలూ కలిపి చూసే పుస్తకం మాత్రం ఎక్కడా కనపడలేదు నాకు.

ముందు ఆ పిల్ల సంగతి చెప్పాలి. రొయ్యని తిన్నవాళ్ళు కోట్లలో ఉంటారు గానీ దాని పసితనం చూసినవాళ్ళు తక్కువ. మా రోజుల్లో అంతా టైగర్ రొయ్యే. ట్రాలర్లకి దొరికిన తల్లి రొయ్యని ప్రాణంతో ఒడ్డుకి చేరిస్తే ఒక్కోటి వేల రూపాయలు పలికేది. దాన్ని తెచ్చి చీకటి గదిలో ట్యాంకులో పెట్టి, ఒక కంటి కాడని నలిపేసేవాళ్ళం. గుడ్లు ఎదగకుండా పట్టి ఉంచే హార్మోను ఆ కంటి కాడలోనే తయారవుతుంది. ఒక కన్ను పోతే కొద్ది రోజుల్లోనే అండాశయం పండుతుంది. రాత్రిపూట గుడ్లు వదుల్తుంది. ఒక్కో తల్లి మూడు లక్షల నుంచి ఎనిమిది లక్షల దాకా. గుడ్డు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు.

మర్నాటికల్లా గుడ్డు పగిలి నాప్లియస్ బయటికొస్తుంది. రొయ్యకీ దానికీ పోలికే ఉండదు. మైక్రోస్కోపు కింద చిన్న సాలీడులా కాళ్ళు ఆడిస్తుంటుంది. దానికి తిండితో పనిలేదు, వెంట తెచ్చుకున్న పచ్చసొనే ఆహారం. వెలుతురు ఎటుంటే అటు ఈదుతుంది. మంచివాటిని ఏరడానికి అదే మాకు దారి. ట్యాంకు మీద ఒక మూల బల్బు వేలాడదీస్తే దాని కిందికి చేరినవాటిని తీసుకుంటాం. అడుగున ఉండిపోయినవాటిని డ్రెయిన్లోకి వదిలేస్తాం. లెక్క పుస్తకంలో అవి ఎక్కవు. సర్వైవల్ లెక్క ఇవతలికి తీసుకున్నవాటితోనే మొదలవుతుంది.

దాదాపు రెండు రోజుల్లో ఆరు దశలు దాటి జోయియా అవుతుంది. అప్పుడు నోరు తెరుస్తుంది. అసలు గండం అక్కడే. పచ్చసొన అయిపోయింది, బయట తిండి తినడం అప్పుడే మొదలుపెట్టాలి. కీటోసెరోస్ అనే ఏకకణ శైవలాన్ని పక్క షెడ్డులో పెంచి ఆ వేళకి సిద్ధంగా ఉంచాలి. తింటున్న జోయియా వెనకాల సన్నటి దారంలా మలం వేలాడుతుంటుంది. పొద్దున్నే బీకరులో నీళ్ళు తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని మేం ముందు వెతికేది ఆ దారాన్నే. దారం ఉంటే టీ తాగడానికి వెళ్ళేవాళ్ళం. లేకపోతే ఆ రోజుకి టీ లేనట్టే.

ఆ తర్వాత మైసిస్. తల కిందికి పెట్టి, తోకతో ఒక్కో కుదుపుతో వెనక్కి గెంతుతుంది. దీనికి ప్రాణమున్న ఆహారం కావాలి. అమెరికాలో గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి డబ్బాల్లో వచ్చే ఆర్టీమియా గుడ్లని ఉప్పునీళ్ళలో వేస్తే ఒక రోజులో పిల్లలవుతాయి. అవి పెట్టేవాళ్ళం. ఎండిన గుడ్డు డబ్బాలో ఏళ్ళ తరబడి ఊరుకుని, నీళ్ళు తగలగానే లేచి కూర్చుంటుంది. మా జోయియాకి ఒక పూట ఆకలికే ప్రాణం పోతుంది. రెండూ ఒకే జాతి సముదాయంలో దూరపు చుట్టాలు. ప్రకృతి ఎవరికి ఏమిచ్చిందో చెప్పడం కష్టం.

మైసిస్ మూడు దశలు దాటాక చూస్తే రొయ్య ఆకారం వస్తుంది. అక్కణ్ణుంచి దాన్ని పోస్ట్ లార్వా, పొట్టిగా పీఎల్ అంటారు. పక్కన అంకె రోజుల లెక్క. పీఎల్ 15 అంటే ఆ దశకి వచ్చి పదిహేను రోజులు. రైతుకి అమ్మేది దీన్నే. పది టన్నుల ట్యాంకులో లీటరుకి వంద చొప్పున పది లక్షల నాప్లియస్‌లు వేస్తే చివరికి నాలుగు లక్షలో ఐదు లక్షలో వస్తే మంచి బ్యాచ్ అని పండగ చేసుకునేవాళ్ళం. సగానికి పైగా చచ్చిపోతే పండగేమిటని మా అమ్మ అడిగింది ఒకసారి. సముద్రంలో అయితే ఇంకా ఎన్ని పోతాయో చెప్పాను. "మరి ఆ తల్లి అన్ని ఎందుకు కంటుందిరా?" అంది.

ఆ ప్రశ్నకి జవాబు అంకెల్లోనే ఉంది. ఒక తల్లి ఐదు లక్షల గుడ్లు పెట్టిందనుకుందాం. సముద్రంలో రొయ్యల సంఖ్య ఏటా పెరిగిపోకుండా, తరిగిపోకుండా ఉండాలంటే ఆ తల్లికీ తండ్రికీ బదులుగా ఇద్దరు పెద్దయితే చాలు. ఐదు లక్షల్లో రెండు. మిగతా 4,99,998 ఎవరికో ఒకరికి తిండి అవుతాయి. చేపపిల్లలకి, జెల్లీ చేపలకి, పీతలకి, తోటి రొయ్యలకి. సముద్రం నడిచేదే వీటి మీద. అందుకని బతికినవి మాత్రమే గెలిచాయి, చచ్చినవి వృథా అనుకోవడం హేచరీ వాడి అలవాటే తప్ప సముద్రానికి ఆ పట్టింపు లేదు.

చేపల మీద ఈ ప్రశ్నని గట్టిగా పట్టుకున్నది నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్. ఒక ఏడాది హెర్రింగ్ చేపలు విపరీతంగా పడటం, ఇంకో ఏడాది పడవలు ఖాళీగా రావడం అక్కడ ఎప్పుడూ ఉన్నదే. చేపలు ఎటో వలస పోయాయని అనుకునేవాళ్ళు. యోర్ట్, ఆయనతో పనిచేసినవాళ్ళు పొలుసుల మీది వలయాలు లెక్కపెట్టి చేపల వయసు తేల్చారు. తేల్చి చూస్తే, ఏళ్ళ తరబడి వలల్లో పడ్డవాటిలో ఎక్కువ భాగం 1904లో పుట్టినవే. ఆ ఒక్క ఏడాది పిల్లలు బాగా బతికాయి, ముందూ వెనకా పుట్టినవి బతకలేదు. 1914లో అచ్చయిన తన గ్రంథంలో ఆయన ఒక ఊహ చెప్పాడు. తల్లులు ఎన్ని గుడ్లు పెట్టాయన్నది అంత ముఖ్యం కాదు, పచ్చసొన అయిపోయిన ఆ కొద్ది రోజుల్లో పిల్ల నోటికి తిండి దొరికిందా లేదా అన్నదే ముఖ్యం, దాంతో పాటు ప్రవాహం దాన్ని ఎటు కొట్టుకుపోయిందన్నదీ చూడాలి అన్నాడు. తర్వాత ఇంగ్లండులో డేవిడ్ కుషింగ్ దీన్ని వేళలు కలవడం, కలవకపోవడంగా చెప్పాడు. ప్లాంక్టన్ విరగపూసే వారం, పిల్ల నోరు తెరిచే వారం ఒకటైతే ఆ ఏడాది చేపలే చేపలు. పక్షం రోజులు అటూ ఇటూ అయితే లేవు.

ఇది చదివింది నేను ఉద్యోగంలో చేరిన ఐదారేళ్ళకి. చదివాక, బీకరులో ఆ దారం కోసం రోజూ పొద్దున్నే వెతకడంలో అర్థం తెలిసింది. చేప లార్వాల్లో ఇంకో విషయం కూడా తేల్చారు. ఆకలితో ఒక హద్దు దాటాక, ఆ తర్వాత చుట్టూ తిండి ఉన్నా అది తినలేదు. ఇంకా ఈదుతూనే ఉంటుంది, బతికే ఉంటుంది, కానీ తినే శక్తి పోయింది. ఆ పూట బీకరులో తీసి లెక్కపెడితే అది బతికినవాటి ఖాతాలోనే పడుతుంది.

హేచరీ రాత్రుల్లో నాకు బాగా గుర్తున్నవి వెలిగే ట్యాంకులు. విబ్రియో హార్వేయి అనే బ్యాక్టీరియా పట్టిన పిల్లలు చీకట్లో మెరుస్తాయి. రాత్రి షిఫ్టులో లైట్లన్నీ ఆర్పి ట్యాంకుల మధ్య నడవడం మా పనుల్లో ఒకటి. ఒక సీనియర్ నాతో అనేవాడు, "టార్చి వెయ్యకు తమ్ముడూ, కళ్ళు అలవాటు పడనీ. కనపడకపోతే అదృష్టవంతుడివి." కనపడ్డ రోజున లేత ఆకుపచ్చ నలుసులు నీళ్ళలో పైకీ కిందికీ తిరుగుతుండేవి. అంత అందమైనది ఆ షెడ్డులో ఇంకోటి లేదు. తెల్లారేసరికి ట్యాంకు అడుగున తెల్లటి పొరలా పడి ఉండేవి. క్లోరిన్ వేసి, వదిలేసి, కడిగి, మళ్ళీ మొదలు.

ఆ భయంతోనే అప్పట్లో తీరమంతా యాంటీబయాటిక్స్ వాడకం పెరిగింది. మందు పడితే సర్వైవల్ పైకి లేచేది, అందులో అబద్ధం లేదు. కానీ మందు ఆసరాతో బతికిన పిల్లకి, మందు లేని చెరువులో అడుగుపెట్టాక ఏ ఆసరా ఉంటుంది? 2000 దశకం మొదట్లో యూరప్‌కి వెళ్ళిన రొయ్యల్లో క్లోరాంఫెనికాల్ అవశేషాలు దొరికి సరుకు ఆగిపోయాక గానీ ఈ ప్రశ్న గట్టిగా వినపడలేదు. మందుల మీద నిషేధాలు వచ్చాయి, పరీక్షలు వచ్చాయి. బతికిన శాతాన్ని మాత్రమే చూసే చోట, ఎలా బతికిందని అడగడానికి బయటినుంచి ఎవరో రావాల్సి వచ్చింది.

హేచరీల కంటే ముందు చెరువులకి పిల్లలు ఎక్కణ్ణుంచి వచ్చేవో కూడా చెప్పాలి. టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు పోటు నీటితో పాయల్లోకి, మడ అడవుల్లోకి వచ్చి చేరతాయి. వేళ్ళ మధ్య లోతు తక్కువ నీళ్ళలో తిండి దొరుకుతుంది, పెద్ద చేపలు రాలేవు. కాస్త పెద్దయ్యాక మళ్ళీ సముద్రంలోకి పోతాయి. అమావాస్య, పౌర్ణమి పోట్లకి కాకినాడ చుట్టుపక్కల పాయల్లో ఆడవాళ్ళు, పిల్లలు దోమతెర వలలు లాగుతూ ఆ పిల్లల్ని పట్టేవాళ్ళు. హేచరీ పని మీద అటు వెళ్ళినప్పుడు ఒక మామ్మ దగ్గర కూర్చుని చాలాసేపు చూశాను. తెల్ల పళ్ళెంలో నీళ్ళు పోసి, వలలో పడ్డదంతా అందులో గుమ్మరించి, చిన్న ఆల్చిప్పతో టైగర్ పిల్లల్ని ఒక్కోటే ఏరుతోంది. పొట్ట పొడుగునా ముదురు గీత ఉంటే టైగర్. మైక్రోస్కోపు దగ్గర నేను చదువుకున్నది ఆవిడ కంటితోనే, నా కంటే వేగంగా చేస్తోంది. ఏరగా మిగిలినది ఇసక మీదికి విసిరేస్తోంది. తెల్ల రొయ్య పిల్లలు, పీత పిల్లలు, పండుగప్ప పిల్లలు, ఇంకా నాకు పేరు తెలియనివి. ఒక్క టైగర్ పిల్ల కోసం పోయినవి పిడికెడు ఉంటాయి.

"మామ్మా, అవి తిరిగి నీళ్ళలో పోస్తే బతుకుతాయి కదా?" అన్నాను.

"మొదట్లో పోసేదాన్ని బాబూ. ఎండెక్కాక ఏం బతుకుతాయి? మళ్ళీ నీళ్ళ దాకా నడవాలి, ఇంకో బిందె మొయ్యాలి. వందకి ఇంతని ఇత్తాడు ఆడు. ఏరినయే లెక్క."

కాసేపాగి తనే మళ్ళీ అంది. "మావోడు పడవ మీదెళ్ళి పీతలు పడట్లేదంటాడు. ఎలా పడతాయి? ఇక్కడే ఎండబెట్టేత్తన్నాం గదా."

ఆవిడకి ఎవరూ యోర్ట్ గురించి చెప్పలేదు. తీరం వెంబడి హేచరీలు పెరిగాక ఆ పాయల్లో పిల్లల్ని పట్టే పని క్రమంగా తగ్గింది. మా పరిశ్రమ చేసిన మంచి పని ఏదని ఎవరైనా అడిగితే నేను ముందు అదే చెబుతాను. ఆ పనితో పాటు మామ్మకి వచ్చే నాలుగు డబ్బులూ పోయాయి. అది కూడా చెప్పకపోతే లెక్క సరిపోదు.

ఇక గేటు అవతలి సంగతి. కోనసీమలో మా మేనమామకి వరి సరిగ్గా పండని ఉప్పు నేల నాలుగెకరాలుండేది. చుట్టూ అందరూ చెరువులు తవ్వుతుంటే ఆయనా తవ్వించాడు. రెండు పంటలు బాగా వచ్చాయి, పెంకుటిల్లు మీద మేడ లేచింది. 1994లో ఆంధ్ర తీరాన్ని తెల్లమచ్చల వైరస్ తుడిచిపెట్టింది. మావయ్య పిల్లల్ని కొన్నది వేరే ఊళ్ళో హేచరీలో. సంచుల్లో ఆక్సిజన్ పట్టించి, చల్లటి నీళ్ళలో ప్యాక్ చేసి, లక్షకి ఇంతని బోనస్ కూడా ఇచ్చి పంపారు. రెండు నెలల దాకా చక్కగా పెరిగాయి. ఒక రోజు పొద్దున్న గట్టు వారకి వచ్చి ఆనుకున్నాయి. పెంకు మీద తెల్లటి మచ్చలు. వారం తిరక్కుండా చెరువంతా పోయింది. జబ్బు పిల్లలతో వచ్చిందా, కాలవ నీళ్ళతో వచ్చిందా, పీతలు మోసుకొచ్చాయా చెప్పడానికి ఆ రోజుల్లో మా దగ్గర పీసీఆర్ పరీక్ష లేదు. తల్లి నుంచి పిల్లకి రాగలదని మాత్రం తర్వాత అందరికీ తెలిసింది.

నేను వెళ్ళేసరికి మావయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. వాసనకి ముక్కు మూసుకోవాల్సిన పరిస్థితి. ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు.

"ఏరా, మీ హేచరీలో బతికినవాటిని లెక్కపెడతారంటావు కదా."

"అవును మావయ్యా."

"ఏ రోజుకి బతికినట్టని లెక్క?"

అమ్మే రోజుకి, అన్నాను. ఆయన తల ఊపి ఊరుకున్నాడు. అప్పు తీర్చడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. రెండెకరాలు పోయాయి. మేడ మీద సున్నం వెయ్యడం మళ్ళీ నేను చూడలేదు.

అమ్మే ముందు పరీక్షలు లేవని కాదు. వంద పిల్లల్ని తీసి ఉప్పునీళ్ళలోంచి ఒక్కసారిగా మంచినీళ్ళలో వేసి అరగంట ఉంచుతాం, తిరిగి ఉప్పునీళ్ళలో వేస్తాం, ఎన్ని లేచాయో చూస్తాం. తెలివైన రైతులు బేసిన్లో నీళ్ళని చేత్తో గుండ్రంగా తిప్పి చూస్తారు. బలమున్నవి ప్రవాహానికి ఎదురీది అంచులకి పోతాయి. లేనివి సుడిలో పడి మధ్యకి చేరతాయి. ఇవి మంచి పరీక్షలే, ఇప్పటికీ నేను చేయిస్తాను. కానీ ఆ పిల్ల ఎలాంటి తల్లికి పుట్టింది, జోయియాగా ఉన్నప్పుడు కడుపు నిండిందా, ఎన్ని మందులు మింగింది, ఇవేవీ బేసిన్లో కనపడవు.

2009లో వెనామీకి అనుమతి వచ్చింది. ఇప్పుడు తల్లులు అమెరికా లాంటి చోట్ల, నిర్దిష్టమైన రోగాలు లేవని పరీక్షించిన వంశాల నుంచి విమానంలో వస్తాయి. చెన్నై క్వారంటైన్‌లో ఆగి హేచరీకి చేరతాయి. బంగాళాఖాతం నీళ్ళలో ఒక్క రోజు కూడా ఈదని తల్లులు. మా కాలంతో పోలిస్తే ఇది పెద్ద మెరుగు. అయితే ఈమధ్య రైతుల దగ్గర నేను ఎక్కువగా వినేది చావుల గురించి కాదు. ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి రొయ్య జీర్ణగ్రంథిలో చేరి తిన్నది ఒంటికి పట్టనివ్వదు. "సార్, చచ్చిపోవట్లేదు. పెరగట్లేదు" అంటారు. కిలోకి నలభై కౌంట్ రావాల్సిన రోజుకి నూట ఇరవైలో ఉంటుంది. రోజూ మేత వేస్తూనే ఉండాలి. సర్వైవల్ చూస్తే ఎనభై శాతం. ఆ ఎనభై శాతమే రైతుని ముంచుతుంది.

పెరగడం, బతకడం రెండూ ఒకటేనని మనం అనుకుంటాం గానీ, చెరువు దగ్గర అవి రెండు వేరు ఖాతాలు. సముద్రంలో మాత్రం ఒకటే. అక్కడ నెమ్మదిగా పెరిగే పిల్ల చిన్న సైజులో ఎక్కువ రోజులు ఉంటుంది, అన్ని రోజులూ ఎవరి నోటికో సరిపోతూ ఉంటుంది. త్వరగా పెరగడమే దాని దాక్కునే చోటు. పెరగని రొయ్య నెలల తరబడి బతికే అవకాశం మనమే, మేత ఖర్చు పెట్టుకుని మరీ, కల్పించాం.

అందుకే ఇప్పుడు ఎవరైనా "ఆ హేచరీ సర్వైవల్ ఎంతండీ?" అని అడిగితే నేను "ఏ రోజుకి?" అని తిరిగి అడుగుతాను. కొంతమంది రైతులు నవ్వుతారు. కొంతమందికి వెంటనే అర్థమవుతుంది. వాళ్ళతో కూర్చుని ఒక నోటు పుస్తకం పెట్టిస్తాను. తల్లి ఎక్కడిది, పరీక్షల్లో ఏమొచ్చింది, పీఎల్ ఎంత, చెరువులో వేసిన ముప్పయ్యో రోజుకి వలలో ఎన్ని పడ్డాయి, బరువెంత. మూడు నాలుగు పంటలు రాస్తే ఏ హేచరీ పిల్ల ఎంత దూరం నడుస్తుందో తెలుస్తుంది. ఆ పుస్తకాన్ని తిరిగి హేచరీకి తీసుకెళ్ళి చూపించమంటాను. చూసి మార్చుకున్న హేచరీలు కొన్ని ఉన్నాయి, గుమ్మంలోంచే పంపేసినవీ ఉన్నాయి.

అడవి పిల్లలకి ఆ పుస్తకం కూడా లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట ఆపుతారు, తల్లులు గుడ్లు పెట్టే కాలమని. మంచిదే. కానీ తల్లిని వదిలేసినంత మాత్రాన పిల్లకి చోటు దొరకదు. ఆ చోటు పాయల్లో ఉంది, మడ వేళ్ళ మధ్య ఉంది. కోరింగలో చెక్క వంతెన వేశాక సెలవు రోజుల్లో జనం బాగా వస్తున్నారు. పక్షుల కోసం పైకి చూస్తూ నడుస్తారు, ఫోటోలు దిగుతారు. పాటు సమయంలో వంతెన పక్కన మోకాలి లోతు బురద నీళ్ళు మిగులుతాయి. పోయిన డిసెంబరులో మా మనవరాలిని తీసుకెళ్ళినప్పుడు ఆ నీళ్ళలో వేలెడంత నీడలు కదలడం తనే ముందు చూసింది. "ఎన్ని ఉన్నాయి తాతా?" అంది. నాకు అలవాటుగా లీటరుకి ఎన్నని నోటిదాకా వచ్చింది. లెక్కపెట్టమన్నాను. ఇరవై మూడు దాకా లెక్కపెట్టింది, ఈలోగా కొంగ ఒకటి వచ్చి వాలింది.